ఉర్పి జడ

ఆదివారం పొద్దున బట్టలు ఆరేయడానికి హైమవతి డాబా ఎక్కేసరికి కూతురు బంగాళాదుంపలు తొక్కుతోంది.

తొక్కుతోంది అంటే ఏదో చిన్నపిల్లల ఆట కాదు. పాత దుప్పటి పరిచి, వంటింట్లోంచి మాయమైన దుంపలన్నీ దాని మీద పోసి, పైజామా మోకాళ్ళ పైకి మడుచుకుని, అరికాళ్ళతో ఒక్కొక్కదాన్నే నొక్కి నీళ్ళు పిండుతోంది. ముందురోజు ఫ్రీజర్లో పెట్టినట్టుంది, గడ్డకట్టిన దుంపలు ఎండకి మెత్తబడి తొక్క ఊడుతున్నాయి. పిల్ల నోట్లో ఏదో కూనిరాగం. అది హైమ రేడియోలో గానీ ఫోన్లో గానీ ఏ పెళ్ళి ఊరేగింపులో గానీ విన్న రాగం కాదు.

“ఏం చేస్తున్నావే ఆమూ?”

“చునో చేస్తున్నానమ్మా. ఈ ఏడు మంచు బాగా పడింది. ఇలా నీళ్ళు తీసేసి ఎండబెడితే ఏళ్ళ తరబడి నిలవుంటుంది. కరువొచ్చినా భయం లేదు.”

మే నెల. హైదరాబాదు శివార్లు. మంచు మాట దేవుడెరుగు, చెప్పుల్లేకుండా డాబా మీద నిలబడితే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. హైమకి ముందు నవ్వొచ్చింది. పిల్ల అరికాళ్ళ వంక చూసేసరికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. కాళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. పిల్లకి ఆ ధ్యాసే లేదు, చలికి వణికినట్టు భుజాలు ముడుచుకుని మరీ తొక్కుతోంది.

ఇంతలో భార్గవ కాఫీ కప్పుతో పైకి వచ్చాడు. కూతుర్ని చూసి కప్పు పిట్టగోడ మీద పెట్టేసి ఫోన్ తీశాడు.

“కదలకు బంగారం! హైమా, చూశావా? ఇన్నాళ్ళూ మాటలే అనుకున్నాం, పని కూడా వచ్చేసింది. చేతికొచ్చేసింది!”

“కాలికొచ్చింది. ముందు దాన్ని నీడలోకి లాగండి” అంది హైమ.

భార్గవ మాత్రం వీడియో పూర్తయ్యాకే ఫోన్ దించాడు.

అసలు సంగతి చెప్పాలంటే జడ దగ్గర మొదలుపెట్టాలి. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలున్నాయి. అక్కడ ఒకప్పుడు ఇంకాలు అనే జనం పెద్ద రాజ్యం ఏలారు. వాళ్ళు అప్పుడప్పుడు ఓ పిల్లనో పిల్లాడినో కొండదేవతకి ఇచ్చేవాళ్ళు. అలా ఇచ్చిన ఒక పిల్ల, పదమూడేళ్ళుంటాయేమో, మేఘాల పైన మంచులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఐదువందల ఏళ్ళ తర్వాత కూర్చున్నట్టే దొరికింది. కనురెప్పలు సహా చెక్కుచెదరలేదు. తల నిండా సన్నజడలు. అందులో ఒక్క జడని పరిశోధన కోసం ఆ దేశం వాళ్ళు భార్గవ పనిచేసే సంస్థకి ఇచ్చారు.

వెంట్రుక రోజూ కాస్త కాస్త పెరుగుతుంది. ఆ రోజు తిన్నదీ తాగినదీ అందులోకి చేరుతుందని అందరికీ తెలుసు. భయపడితే ఒంట్లో ఊరేదీ, సంబరపడితే ఊరేదీ కూడా చేరుతుందని, ఆ మరకల వరస పట్టుకుంటే ఆ రోజుని మళ్ళీ అల్లవచ్చని కనిపెట్టినవాడు భార్గవ. ఆయన యంత్రానికి బారెడు పేరుంది గానీ, సూదుల వరస చూసి అందరూ దాన్ని దువ్వెన అనేవాళ్ళు. జడలో ఒక ముక్క దాని పళ్ళ మధ్య పెడితే, ఆ ముక్క కరుగుతూ కరుగుతూ, పక్క కుర్చీలో నిద్రపోయే మనిషి తలలోకి ఆ రోజులు దిగుతాయి. ఒకసారి చదివాక వెంట్రుక మిగలదు. ఆ రోజులు చదివినవాళ్ళ తలలో తప్ప ఇంకెక్కడా ఉండవు.

మొదట భార్గవ తనే కూర్చున్నాడు. వాంతులు, నోట్లో పొగ వాసన, అంతే. పెద్దవాళ్ళ తలలు అప్పటికే నిండిపోయి ఉంటాయి, పరాయి బతుక్కి చోటివ్వవు. ఇంచుమించు ఆ వయసే, ఇంకా ఎదుగుతున్న పిల్ల కావాలి. ఎవరి పిల్లని అడుగుతారు? మీటింగులో అందరూ నీళ్ళు నములుతుంటే భార్గవ లేచి, “మా అమ్మాయి ఉండగా పరాయివాళ్ళ పిల్లలెందుకండీ?” అన్నాడు. సంస్థ అధ్యక్షుడు విశ్వంభరంగారు వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. తర్వాత కొద్ది నెలలకే భార్గవ డైరెక్టరయ్యాడు, మూలగది దొరికింది.

ఆముక్త ఒప్పుకుందా అంటే ఒప్పుకుంది. నాన్న కళ్ళల్లో అంత మెరుపు చూశాక పన్నెండేళ్ళ పిల్ల కాదంటుందా?

హైమ కూడా ఆ ల్యాబులోనే పని చేసేది. జడని చల్లటి నీళ్ళలో కడిగి, చిక్కు తీసి, నెలకో ముక్క చొప్పున కోసి దువ్వెనకి అందించేది ఆమే. తల్లి కోసిచ్చిన ముక్కలే కూతురి తలలోకి వెళ్ళేవి. ఎప్పుడైనా మనసు పీకితే, ఇంట్లో మనిషినే గదా, నా చేతి మీదుగా జరిగితే జాగ్రత్తగా జరుగుతుంది అని సర్దిచెప్పుకునేది. ఇలాంటి సర్దుబాట్లకి చదువుకున్నవాళ్ళకి కొరతుండదు.

కుర్చీలో కూర్చునే ముందు పిల్ల మనసు నిలకడగా ఉండాలి, అమ్మానాన్నల మొహాల్లో బెంగ కనపడకూడదు అని డాక్టర్లు గట్టిగా చెప్పారు. హైమ పుట్టింటి పట్టింపూ అదే: మంచి పనికి బయల్దేరేవాళ్ళ ఎదుట కంటతడి పెట్టకూడదు. రెండూ కలిసొచ్చాయి. ప్రతిసారీ పిల్లకి తలదువ్వి, బొట్టు పెట్టి, గుమ్మంలో ఎదురొచ్చి, మొహాన నవ్వు పులుముకుని పంపేది. ఏడుపొస్తే తర్వాత బాత్రూంలో ఏడ్చుకునేది.

ఒక ముక్క చదవడం అయిన మర్నాడు పెద్దలందరూ బల్ల చుట్టూ చేరేవాళ్ళు. ఆముక్త కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని చెప్పేది. మంచులో దొరికిన ఆ పిల్లకి వాళ్ళ భాషలో పావురం అని పేరట, ఉర్పి. మొదట్లో ‘ఉర్పి ఇలా చేసింది’ అని చెప్పేది. పోనుపోను ‘నేను’ అయింది. ఆ మార్పు ఎప్పుడొచ్చిందో ఎవరూ పట్టించుకోలేదు.

“కాలవ పూడిక తీసే రోజు మాకు పండగండీ. కొండ పైనించి కిందిదాకా ఊరంతా వరసగా నిలబడతాం. నాట్లకి ముందు మొగుడు పోయినవాళ్ళ పొలం దున్నుతాం. తర్వాత జబ్బుతో మంచాన పడ్డవాళ్ళది. ఆ తర్వాతే మాది.”

“దున్నడం ఎలాగమ్మా? ఎడ్లు లేవుగా?” అని ఒకాయన అడిగాడు.

“తవ్వుకర్రలున్నాయి. మగాళ్ళు కాలితో కర్ర నొక్కుతూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆడాళ్ళం వాళ్ళకి ఎదురుగా కూర్చుని గడ్డలు చిదుపుతాం. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ చెయ్యాలి. దెబ్బలాడుకున్న రోజు కూడా.” అలా అని నవ్వింది. ఆ నవ్వు నోరు మూసుకుని, తల దించుకుని నవ్వే నవ్వు. ఆముక్త అలా నవ్వేది కాదు.

ఇంకోసారి ముత్తాత సంగతి చెప్పింది. “ముత్తాత చచ్చిపోయి చాన్నాళ్ళయింది గానీ మాతోనే ఉన్నాడు. పండక్కి బయటికి తెచ్చి కూర్చోబెట్టి కొత్త శాలువా కప్పుతాం. మొక్కజొన్న కల్లు ఆయన వంతు ఆయన ముందు పోస్తాం. గట్టు తగాదా వస్తే ఆయన్నే అడుగుతాం.”

“ఆయన చెబుతాడా?”

“చెప్పడు. చెప్పేదాకా తగాదా ఆపుకోవాలి మరి.”

బల్ల చుట్టూ అందరూ నవ్వారు, విశ్వంభరంగారు తప్ప. ఆయనకి దుంపలూ కాలవలూ చిరాకు తెప్పించాయి. “రాజు కనపడలేదా అమ్మా? బంగారు గోడలూ, కోటా, ఏవీ?” అని అడిగారు.

“రాజు మా ఊరికెందుకొస్తాడండీ? ఆయన పొలం మేమే దున్నుతాం, ఆయన గిడ్డంగి మేమే నింపుతాం. ఆయన రానక్కర్లేదు.”

పెద్దాయన పెదవి విరిచారు. ఇంత యంత్రం పెట్టి పల్లెటూరి కబుర్లు వింటున్నామని బయట వరండాలో భార్గవతో అన్నారు. కొంచెం ఓపిక పట్టండి, అసలుది కుదుళ్ళ దగ్గరుంది అని భార్గవ అన్నాడు. హైమ వాళ్ళ వెనకాలే నడుస్తోంది, ఆ మాట విన్నది.

జడ కొసన ఉన్నది చిన్నతనం, కుదుళ్ళ దగ్గర ఉన్నది చావు. హైమకి ఆ సంగతి ముందే తెలుసు. తెలిసిన సంగతే మొగుడి నోట అంత ఉత్సాహంగా వినేసరికి ఆమె కాళ్ళు వరండాలోనే ఆగిపోయాయి.

ఇంటి దగ్గర సంగతులు ఒకటొకటి తేడా పడసాగాయి. ఆముక్త మొక్కజొన్న గింజలు నమిలి గిన్నెలో ఉమ్మేది. ఏమిటే ఇది అంటే, అలా చేస్తేనే కల్లు పులుస్తుందట, ఊళ్ళో ఆడపిల్లలకి అది మొదటి పాఠమట. నీళ్ళు తాగేముందు రెండు చుక్కలు నేల మీద పోసేది. తనూ తింటూ, తల్లికి ఇష్టమని పక్కన పెట్టిన ముక్క తల్లి నోట్లో పెట్టేది. ఇవన్నీ ముద్దుగానే ఉండేవి. కానీ ఒక సాయంత్రం, అక్షరాలు దిద్దిన రోజునించీ స్నేహితురాలైన యోచన సైకిలేసుకుని వచ్చింది. సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళి ఆ రోజే వచ్చిందట, గేటు దగ్గర్నించే “ఆమూ!” అని కేక పెట్టింది.

ఆముక్త లేచి నిలబడి, కొత్తవాళ్ళు వచ్చినప్పుడు నిలబడినట్టు చేతులు కట్టుకుని, “ఎవరమ్మా ఈ అమ్మాయి?” అని తల్లిని అడిగింది.

యోచన మొహం ఎర్రగా అయిపోయింది. హైమ ఏదో జ్వరమనీ మందుల మత్తనీ అబద్ధాలాడి ఆ పిల్లని సాగనంపి వచ్చి, కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. సైకిలు ఎక్కడ నేర్చుకున్నావో చెప్పు అంది. తెలియదు. తిరునాళ్ళలో తప్పిపోయి పోలీసాయన భుజం మీద కూర్చుని లడ్డూ తిన్నావే, గుర్తుందా? లేదు. బామ్మ?

“బామ్మ ఉండేదా?” అంది పిల్ల.

ఎత్తుకు పెంచిన బామ్మ. రాత్రిళ్ళు ఆమె పొట్ట మీదే పడుకునేది.

“బెంగపెట్టుకోకమ్మా” అని ఆముక్త తల్లి చెయ్యి నిమిరింది. “ఉర్పి నాకు ఒక రోజిస్తే నేనూ ఒక రోజివ్వాలి గదా. బదులు. మా ఊళ్ళో ఎవరూ ఊరికే తీసుకోరు.”

భార్గవకి చెబితే, ఇదంతా తాత్కాలికం అన్నాడు. జడ చదవడం పూర్తయ్యాక పాతవి పైకి తేలతాయన్నాడు. అలా తేలినట్టు ఎక్కడైనా చూశారా అని హైమ అడిగింది. మనమే మొదటివాళ్ళం గదా, ఎక్కడ చూస్తాం అన్నాడు భార్గవ. దుర్మార్గుడని కాదు. పిల్ల నిద్రపోయాక దుప్పటి సరిచేసేది ఆయనే. తన కూతుర్ని ఇచ్చాడు గనక తను తప్పు చేయడం లేదని ఆయన గట్టి నమ్మకం. పరాయి పిల్లనైతే ఇచ్చేవాణ్ణా అని అందరి దగ్గరా అనేవాడు, అదేదో పెద్ద గొప్ప అయినట్టు.

ఆ తర్వాతి ముక్కలో ఎంపిక వచ్చింది.

“రాజుగారి మనిషి వచ్చాడు. ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి పళ్ళూ గోళ్ళూ చూశారు. ఒంటి మీద మచ్చున్నవాళ్ళని ఇంటికి పంపేశారు. నాకు లేదు.” ఆముక్త గొంతులో గర్వం వినపడింది. “నాన్నకి కొత్త అంగీ ఇచ్చారు. లోయకంతటికీ పెద్దని చేశారు.” భార్గవ వైపు తిరిగింది. “మా నాన్నక్కూడా ఇచ్చారుగా. మూలగది.”

భార్గవ దగ్గి, ముందున్న నీళ్ళ గ్లాసు పక్కకి జరిపాడు.

“మరి అమ్మ?” అని అడిగింది హైమ. ఆ గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

“అమ్మ జుట్టు దువ్వింది. ఇన్ని సన్నజడలు వేసింది, తెల్లారగట్ల కూర్చుంటే పొద్దెక్కింది. బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు.”

“ఒక్క చుక్క కూడానా?”

“ఒక్క చుక్క కూడా. గడ్డితాళ్ళ వంతెన దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. నవ్వుతూ నిలబడింది.” అంతటితో ఆపేసి ఆముక్త తల్లి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. హైమ అలవాటు కొద్దీ నవ్వింది.

ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకుందో ఆమెకే తెలుసు.

ఇక మిగిలింది రెండు ముక్కలు. ఒకటి కొండ దారి. రెండోది కుదుళ్ళ దగ్గర చిటికెన వేలి గోరంత. విశ్వంభరంగారి విసుగంతా ఎగిరిపోయింది. ఆ దేశంనించి పెద్దల్ని పిలిపించారు. హాల్లో తెరలు కట్టించారు. చావంటే ఏమిటో లోపల్నించి చూసొచ్చి చెప్పిన మనిషి ఈ భూమ్మీద లేడు, మీ అమ్మాయి చెప్పబోతోంది అని ఫోన్ చేసి మరీ భార్గవకి చెప్పారు. స్పీకర్లో పెట్టిన ఆ మాట వంటింట్లో కూర తరుగుతున్న హైమకి వినపడింది.

ఆమె కత్తిపీట పక్కన పెట్టి ముందుగదిలోకి వచ్చింది.

“ఎలకల సంగతి ఆయనకి చెప్పారా?”

భార్గవ ఫోన్ పెట్టేశాడు. ఎలకల సంగతి ఇద్దరికీ తెలిసిందే. యంత్రం తయారైన కొత్తలో, చలిపెట్టెలో బిగుసుకుపోయి చచ్చిన ఎలక బొచ్చుని వేరే ఎలకల చేత కుదుళ్ళదాకా చదివించారు. చదివిన ఎలకలు వెచ్చటి బోనులో, మేత ముందు, వణికి వణికి చచ్చిపోయాయి. అన్నీ కాదు. కొన్ని.

“ఎలకలు వేరు హైమా. ఆ పిల్లకి కల్లు పట్టించారు, కోకా ఆకు నోట్లో పెట్టారు. మత్తుగా నిద్రపోయింది, నిద్రలోనే పోయింది. నిద్రని చదివితే ఏమవుతుంది?”

“నిద్రే అయితే చదవడం ఎందుకండీ? తెరలెందుకు కట్టారు?”

“నువ్వు తల్లివి, నీకు భయం సహజం. ఆమూనే అడుగుదాం. దానికి ఇష్టం లేకపోతే ఇప్పుడే ఆపేస్తాను, సరేనా?”

అడిగారు. ఆముక్త నేల మీద మఠం వేసుకుని ఉన్ని వడుకుతోంది. తలెత్తకుండానే చెప్పింది. “వెళ్తాను నాన్నా. ఇంత దూరం నడిచాం గదా. అమ్మకీ ఇష్టమే.”

“నాకిష్టమని ఎవరు చెప్పారే?”

“నువ్వేగా బొట్టు పెట్టి పంపేది” అంది పిల్ల.

భార్గవ చేతులు చాపి, ‘విన్నావుగా’ అన్నట్టు చూశాడు.

కొండ దారి ముక్క చదివాక ఆముక్త బల్ల దగ్గర కాస్తే చెప్పింది. దారి పొడుగునా గిడ్డంగులు, వాటి నిండా ధాన్యం, ఎండు దుంపలు, ఉన్నిబట్టలు. కబురు మోసుకుని పరిగెత్తే మనుషులు, ఒకడి నోటి కబురు ఇంకొకడు పరుగులోనే అందుకోవడం. గడ్డితాళ్ళ వంతెనలు, వాటిని ఏటేటా ఇటు ఊరివాళ్ళు ఇటునించీ అటు ఊరివాళ్ళు అటునించీ అల్లుకుంటూ వచ్చి మధ్యలో కలవడం. తమ గుంపు వెళ్తుంటే పొలాల్లో జనం తలలు నేలకానించి, కళ్ళెత్తకుండా ఉండిపోవడం.

“నాతో ఓ పెద్దమ్మ నడిచింది. ఎంపికైన పిల్లల్ని సాకే మనిషి. ఆఖరి మజిలీలో ఆవిడ నాకో మాట చెప్పింది.”

“ఏం చెప్పిందమ్మా?” విశ్వంభరంగారు ముందుకి వంగారు.

“అది నాది” అంది ఆముక్త.

భార్గవ బతిమాలాడు. కోప్పడ్డాడు. అది శాస్త్రానికి చెందినది, దాచుకోకూడదు అన్నాడు. పిల్ల పెదవి విప్పలేదు. హైమకి మాత్రం ఆ మొండితనం చూసి ప్రాణం లేచొచ్చింది. ఇంతకాలానికి ఈ పిల్ల ఒకటి కాదంది.

ఆఖరి ముక్క రోజు రానే వచ్చింది. హాలు నిండా కోట్లు, పూలగుత్తులు. ఆముక్తకి తెల్లటి గౌను వేసి పక్కగదిలో కూర్చోబెట్టారు. ల్యాబులో హైమ గాజుపళ్ళెంలో ఆ గోరంత జడముక్కని ముందు పెట్టుకుని కూర్చుంది. అద్దం గోడకి అవతల భార్గవ టై సర్దుకుంటూ ఇటే చూస్తున్నాడు.

చల్లటి నీళ్ళలో మూడుసార్లు ముంచి తీయడం ఆమె పని. చన్నీళ్ళ గిన్నె కుడివైపునుంది. ఎడమవైపు, గాజుసామాను తోముకునే కాస్టిక్ ద్రావణం పొయ్యి మీద సలసల కాగుతోంది. హైమ ఒక్కసారి అద్దంలోంచి మొగుడి కళ్ళలోకి చూసింది. పొరపాటున జరిగిందని రేపు ఎవరూ అనకూడదని చూసింది. తర్వాత జడముక్కని తీసి కాగే ద్రావణంలో వేసింది.

అది క్షణంలో మెత్తబడి, జిగురై, నీళ్ళయింది.

భార్గవ తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

“ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఐదొందల ఏళ్ళు మంచు దాచింది హైమా! వాళ్ళ పిల్ల ఆఖరి గడియ అది. నాశనం చెయ్యడానికి అది నీ సొత్తా?”

“చదవడానికి మీ సొత్తా?”

ఆయన బల్ల పట్టుకుని అలాగే కూలబడ్డాడు. ఏడ్చాడు కూడా. ఎందుకోసం ఏడుస్తున్నాడో హైమ అడగలేదు. వెనకాలే వచ్చిన విశ్వంభరంగారు మాత్రం గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి, తేరుకుని, లోగొంతుకతో సెక్రటరీకి చెప్పసాగారు. “అతిథులకి యంత్రం మొరాయించిందని చెప్పండి. ఇంకో జడ అడుగుదాం, ఆ కొండ మీద దొరికింది ఒక్కళ్ళే కాదు. పిల్లలకేం లోటు? మా అమ్మాయిని తీసుకోండి, మా అబ్బాయిని తీసుకోండి అని నా చెవిలో జోరీగల్లా ఎంతమంది తల్లిదండ్రులో!”

హైమ చేతి తొడుగులు విప్పి బల్ల మీద పడేసి పక్కగదిలోకి వెళ్ళింది.

ఆముక్త మోకాళ్ళు ముడుచుకుని, వాటి చుట్టూ చేతులు చుట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడైతే లేవబోయింది, నడవడానికి పిలుపొచ్చిందనుకుని. హైమ దాన్ని పట్టుకుని గుండెలకి హత్తుకుంది. ఇంతకాలం అణుచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. నలుగురూ వింటారని గానీ, అశుభమని గానీ తోచలేదు. ఎక్కిళ్ళు పెట్టి, గొంతు పగిలేలా ఏడ్చింది.

“అయిపోయింది తల్లీ. ఇంకేం లేదు. కరిగించేశాను. ఇంటికెళ్ళిపోదాం. నువ్వు ఆ కొండ ఎక్కక్కర్లేదు. ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు.”

పిల్ల బిగుసుకుని ఉండిపోయింది. కాసేపటికి చెయ్యెత్తి తల్లి చెంప మీది తడి వేలితో తీసి, ఆ వేలి వంక చూసింది. ఎప్పుడూ చూడని వస్తువుని చూసినట్టు చూసింది.

“పెద్దమ్మ ఏం చెప్పిందో నీకొక్కదానికే చెప్తానమ్మా.”

“చెప్పు నాన్నా.”

“మా అమ్మ ఎందుకు ఏడవలేదో చెప్పింది. ఇచ్చేటప్పుడు తల్లి ఏడిస్తే, ఆ ఇంటివాళ్ళు మనసారా ఇవ్వలేదని రాజుగారి మనిషికి కోపం వస్తుందట. ఆ తప్పుకి ఇంట్లో చిన్నవాళ్ళని కూడా పట్టుకుపోతారట. నాకు తమ్ముడున్నాడు. అప్పుడప్పుడే నిలబడుతున్నాడు. గుమ్మంలో నవ్వుతున్నంతసేపూ శాలువా కింద అమ్మ గోళ్ళు అరచేతిలో దిగి రక్తం కారుతోందట. పెద్దమ్మ చూసిందట. చూసీ చూడనట్టు ఊరుకుందట.”

హైమకి ఆ తల్లి మీద ఎక్కడలేని జాలి పొంగుకొచ్చింది. ఐదువందల ఏళ్ళ అవతలనించి ఎవరో తన చెయ్యి పట్టుకున్నట్టనిపించింది. కూతురి తల నిమురుతూ, “చూశావా, పాపం! తల్లి ప్రాణం ఎక్కడైనా అంతేనమ్మా. ఇష్టం లేక కాదు” అంది.

“ఊఁ” అంది ఆముక్త. ఆలోచిస్తున్నట్టు కనుబొమలు ముడిచింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. తెలియనిది తెలుసుకుందామని అడిగే పిల్ల గొంతు అది. చాలా నెలల తర్వాత అచ్చంగా ఆముక్త గొంతు.

“వాళ్ళమ్మకి ఇంకో పిల్లాడున్నాడు. నీకు నేనొక్కదాన్నే గదమ్మా. మరి నువ్వెందుకు ఏడవలేదు?”

పిల్ల తల్లి మొహంలోకి చూస్తూ, ఓపిగ్గా, జవాబు కోసం కూర్చుంది.